పోగులు మూగబోయిన కార్తీకం

ఆశ్వయుజం, మంగళవారం. గాలి తగ్గింది.

తుఫాను దాటిపోయింది. సముద్రం మీద కట్టిన మా అలలపేట ఇంకా తేలుతూనే ఉంది. మా వరసలో రెండిళ్ల పైకప్పులు ఎగిరిపోయాయి, మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. తెగిపోయిందల్లా ఒడ్డు నుంచి మాకు వచ్చే కేబులు. సముద్రం అడుగున ఎక్కడ తెగిందో ఇంకా తెలియదు. దానితో ఇంటికి ఫోన్లు పోయాయి. మా చెవుల్లో పోగులూ మాట మానేశాయి.

నా పోగుకి నా పన్నెండో ఏటి నుంచి నాతో మాట్లాడడం అలవాటు. షిఫ్టు దిగి గదికి వస్తుంటే ఆ రోజు నా మనసు ఎలా నడిచిందో నాలుగు ముక్కల్లో చెప్పేది. “పొద్దున చిరాకు పడ్డావు, నిద్ర చాలక. మధ్యాహ్నం సంతోషం, అమ్మమ్మ మాట్లాడినందుకు.” అది వింటేగాని నాకు రోజు ముగిసినట్టుండదు. ఇప్పుడది లేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను. నీళ్లలో ఉప్పు ఎంతుందో రాయడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. ఎలా వస్తే అలా రాస్తాను.

ఈ రోజు లేస్తూనే అన్నిటి మీదా మంటగా ఉంది. సమ్మక్క తల దువ్వుకుంటుంటే ఆ దువ్వెన చప్పుడు కూడా భరించలేకపోయాను. సమ్మక్క నా గదిలో ఉంటుంది, మంచినీళ్ల ప్లాంటులో నా పక్కనే పని చేస్తుంది. వాళ్లది ములుగు దగ్గర అడవి ఊరు. ఇక్కడికి రావడానికి ఓడ ఎక్కిన రోజే సముద్రాన్ని మొదటిసారి చూసింది. మాది భావనపాడు. ఆ ఓడలో తను వాంతులు చేసుకుంటుంటే నేను వీపు రుద్దాను. అప్పటి నుంచీ స్నేహితులం.

“ఏమైందే? పొద్దుగాల్నుంచి మొహం గట్ల పెట్టినవ్,” అంది.

“నాకేటి తెలుసు? పోగు చెప్పట్లేదు కదా.”

“నిన్న ఏమన్న తిన్నవా?”

తినలేదు. పైకప్పులు కట్టే హడావుడిలో మరిచిపోయాను. సమ్మక్క ఒక జొన్నరొట్టె, కాస్త మిరపకాయ పచ్చడి నా ముందు పెట్టింది. రొట్టె పూర్తయ్యేసరికి దువ్వెన మీద నాకు ఏ కోపమూ లేదు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నాకు ఇరవై మూడేళ్లు. ఆకలికీ కోపానికీ తేడా తెలియలేదు.

క్యాంటీనులో మా వయసు వాళ్లంతా పళ్లేలు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరి పక్కన కూర్చుంటే బాగుంటుందో రోజూ పోగే చెప్పేది. మా సూపర్వైజరు నూకరాజు గారు బల్ల మీద తట్టి, సముద్రం నెమ్మదించాక గాని రిపేరు ఓడ రాదని చెప్పారు. కార్తీకం దాటవచ్చట. ఆయన కుర్రతనంలో పోగులు లేవు.

“మరి మీరెలాగుండీవోళ్లు సర్?” అని అడిగాను.

“ఎలాగేటి తల్లీ, కొట్టుకునీవోళ్లం. మళ్లీ టీ తాగీవోళ్లం. కొందరితో మటుకు నేనింకా టీ తాగలేదు,” అన్నారు.


ఆశ్వయుజం, శుక్రవారం. ఎండ.

ఛాతీలో నొప్పి. ఎలా మొదలైందో రాస్తాను.

దావీదు పీతలు తెచ్చాడు. దావీదుది బందరు. బోటు వేసుకుని సముద్రంలో నాచు పెంచే తోటల తెప్పలన్నీ తిరుగుతూ, తెగిన మోకులు ముడివేసి వస్తుంటాడు. సెలవు దొరికితే మా గదికి వస్తాడు, ఏదో ఒకటి వండుకుని తింటాం. మా ముగ్గురికీ ఇది ఏడాదిగా అలవాటు.

ఈ రోజు పీతను ఎలా పట్టుకోవాలో అతను సమ్మక్కకు నేర్పుతున్నాడు. పీత తన కొంగు పట్టుకుంది. సమ్మక్క కేక వేసి గదంతా తిరిగింది, పీత ఆ కొంగుకు వేలాడుతూ వెనకే తిరిగింది. ఇద్దరూ నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయారు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నాకు నవ్వు రాలేదు. ఛాతీలో ఎవరో తడి మోకు వేసి బిగించినట్టయింది. “కూరలో ఉప్పు చాల్లేదు,” అన్నాను. కూర ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదు.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. బయట బెంచీ నిండా మా వయసు వాళ్లే. ఒకడికి గొంతులో ఏదో అడ్డుపడిందట. ఒకమ్మాయికి కారణం లేకుండా కళ్లు కారుతున్నాయట. డాక్టర్ ఫాతిమా గారు స్టెతస్కోపు పెట్టి విని, “గుండె శుభ్రంగా ఉందమ్మా. ఏమనిపిస్తోంది నీకు?” అన్నారు.

“అదే తెలియట్లేదండీ.”

“ఎప్పుడొస్తోందో చూస్తూ ఉండు. నొప్పి ఏ సమయంలో వస్తుందో తెలిస్తే ఎందుకొస్తుందో తెలుసుకోవచ్చు. ఈ రోజు నేను అందరికీ ఇదే చెబుతున్నాను,” అన్నారు నవ్వుతూ. ఆవిడ కళ్ల కింద నలుపు. నిద్ర లేదని నేనే గమనించాను, ఎవరూ చెప్పకుండానే. ఇలా ఒకరి మొహం చూసి తెలుసుకోవడం నాకు కొత్త.


ఆశ్వయుజం, బుధవారం.

నేనూ సమ్మక్కా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫిల్టరు గుడ్డలు ఉతికేటప్పుడు ఒకరి మొహం ఒకరం చూసి, ఎలా ఉందో చెప్పాలి. తప్పయితే తప్పని చెప్పాలి. మొదట్లో అన్నీ తప్పులే. నేను “కోపం” అంటే తను “కాదు, నడుం నొప్పి” అనేది.

ఈ రోజు సమ్మక్క గుడ్డ పిండుతూ పిండుతూ ఆగిపోయింది. సముద్రం వైపు చూడలేదు, పైకి చూసింది.

“బెంగ,” అన్నాను. “ఊరి మీద. చెట్లు కనపడట్లేదని.”

తను నావైపు తిరిగి చూసింది. “గింత కరెక్టుగ పోగు కూడా చెప్పలే,” అంది. తడి చేతులతోనే నా మెడ చుట్టూ చేయి వేసింది. నా జాకెట్టంతా ఉప్పునీళ్లయింది. ఎంత బాగుందో!

ఆ ధైర్యంతో నా ఛాతీ సంగతి అడిగాను. మోకు బిగించినట్టుంటుందని, పీతల రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి వచ్చిందని చెప్పాను.

“ఎప్పుడొస్తది?”

“మన గదిలోనే. వండుకుని తినేటప్పుడు.”

సమ్మక్క ఆలోచించింది. “దావీదు వచ్చిన రోజులేనా?”

లెక్క చూసుకున్నాను. నిజమే.

“ఆయన ఉన్నప్పుడు తిండి సయిస్తదా?”

“లేదు.”

చేతిలో గుడ్డ గట్టిగా పిండింది. తరువాత, “పిచ్చిదానా, గదే ప్రేమంటే,” అంది. నవ్వింది కూడా. ఆ వెంటనే లేచి, ఉతికేసి ఆరేసిన గుడ్డలు తీసి మళ్లీ తొట్టిలో వేసి ఉతకడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే మరక ఉందంది. నాకు మరక కనపడలేదు. అయినా నేను పట్టించుకోలేదు. నొప్పికి పేరు దొరికిన సంతోషంలో ఉన్నాను.


కార్తీకం వచ్చింది. సోమవారం.

జెట్టీ మీద దీపాలు పెట్టారు. నాచు మోకులు కాలతాయని ఇక్కడ నీళ్లలో వదలనివ్వరు. ఇటుకల మధ్య వరసగా పెడతారు.

దావీదుకి చెప్పేశాను.

మూడో తోటలో నీళ్ల పైపు చూడాలని పొద్దున్నే అతని బోటు ఎక్కాను. ఇద్దరమే. ఎండ బాగుంది, నీళ్లు పచ్చగా ఉన్నాయి. ఛాతీలో ఏమీ లేదు. అసలు నేను క్యాంటీనులో ఈ రోజు పప్పు చేస్తారా, చేపల పులుసు చేస్తారా అని ఆలోచిస్తున్నాను. ప్రేమించిన మనిషి పక్కన ఉంటే మనసు ఇలా నెమ్మదిస్తుంది కాబోలు అనుకున్నాను.

“దావీదూ, నాకు నువ్వంటే ప్రేమ,” అన్నాను.

అతను ఇంజను ఆపేశాడు. చేతిలో వస్తువు నీళ్లలో జారిపడితే ఎలా చూస్తారో అలా చూశాడు.

“ఎట్టా తెలిసింది నీకు?”

“సమ్మక్క చెప్పింది.”

“సమ్మక్క చెప్పిందా?” అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. అతను వంగి, కాళ్ల దగ్గరున్న మోకు తీసి, బాగానే ఉన్న ముడి విప్పి మళ్లీ వేశాడు.

“నీకు అబద్ధం చెప్పలేను పైడీ. నాకు నువ్వంటే చాలా ఇష్టమే. అయితే అది ఇదేనా అంటే... కొన్నాళ్లు ఆగుదామా?”

ఆగుదామన్నాను. నాకు బాధ అనిపించలేదు. క్యాంటీనులో చేపల పులుసే చేశారు.


కార్తీకం, గురువారం. ముసురు.

సమ్మక్క వెళ్లిపోయింది.

చివరి తెప్ప అని ఒకటుంది. నాచు తోటలన్నీ దాటాక, పెద్ద సముద్రం మొదలయ్యే చోట. నెలకొకరు చొప్పున అక్కడ ఉండి లైట్లు, మోకులు చూసుకోవాలి. ఎవరూ వెళ్లరు, చీటీలు వేస్తారు. ఈసారి చీటీలు వెయ్యకముందే సమ్మక్క తనే వెళ్తానని పేరు ఇచ్చిందట. నాకు నూకరాజు గారు చెబితే తెలిసింది.

గదికి వెళ్లేసరికి సంచి సర్దుకుంటోంది.

“నాకు చెప్పకండా పేరెలాగ ఇచ్చీసావే?”

“చెప్తే నువ్వు పోనియ్యవు.”

“నీకు ఈత కూడా సరిగ్గా రాదు. ఓలమ్మ, ఏటి నీ ధైర్యం?”

“నడుముకు తాడు కట్టుకుంట. ఇగ వదిలెయ్ పైడీ.”

“నా మీద కోపమేటి? చెప్పీ.”

“కోపం కాదు.”

“మరేటి?”

తను సంచీ మూతి బిగించింది. “నాకు కూడా తెల్వదు. పోగు లేదు గద,” అంది. ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. తెలిసే చెప్పడం లేదని తన మొహంలో కనపడుతూనే ఉంది. ఈ రెండు వారాల్లో ఆ మొహం చదవడం తననే చూసి నేర్చుకున్నాను.

“వెళ్లు. నాకేటి. గది ఖాళీగా ఉంటది, హాయిగా,” అన్నాను.

దావీదు బోటులోనే వెళ్లింది. నేను జెట్టీ దాకా వెళ్లలేదు.


శనివారం.

గది చాలా శుభ్రంగా ఉంది. అన్నం ఎక్కువ వండాను.


కార్తీకం, మంగళవారం. మబ్బు.

పొద్దున్నే వైర్లెస్ గదిలో నూకరాజు గారు అన్ని తెప్పలనూ పలకరిస్తారు. తెప్పల మధ్య మాటలకు కేబులు అక్కరలేదు. ఉప్పు లెక్క ఇచ్చే నెపంతో నేనూ ఆ సమయానికి అక్కడే ఉంటున్నాను. మాట్లాడను. ఒక మూల నిలబడి వింటాను. ఆయన అందరినీ చివర్లో ఒకటే అడుగుతారు: “ఈవేళ ఏటి వండేవు?”

మిగతా వాళ్లు “చారు” అని ఊరుకుంటారు. సమ్మక్క అలా కాదు. “ఎండు రొయ్యలు మంచిగ వేయించి, ఇంత చింతపండు పిండి, పచ్చిమిరపకాయలు నిలువుగ చీల్చి వేసిన సార్. ఉల్లిగడ్డ లేదు, అదొక్కటే లోటు,” అని మొదలుపెడితే గదిలో అందరికీ నోరూరుతుంది. ఆ గొంతు వినగానే నాకు సంతోషం, కోపం రెండూ ఒక్కసారే వస్తున్నాయి. రెండూ ఒక్కసారే వస్తాయని పోగు ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ ఒక్క పేరే చెప్పేది.

మధ్యాహ్నం దావీదు, నేను జెట్టీ మీద అన్నం తిన్నాం. కొన్నాళ్లు ఆగుదామన్నాడు కదా, ఆగుతూ తింటున్నాం. సమ్మక్క రొయ్యల కూర గురించి నేను చెప్పాను. తెప్ప మీద తనకు చలిగా ఉంటుందేమో అని అతనన్నాడు. తనకు చలి కంటే చీకటంటే భయమని నేనన్నాను. లైటు ఇంకొకటి పట్టుకెళ్తానన్నాడు. పళ్లేలు ఖాళీ అయ్యేదాకా ఇదే.

చివరికి దావీదు పళ్లెం కింద పెట్టాడు. “మనమిద్దరం కూర్చుని ఇక్కడ లేని మనిషి గురించే మాట్లాడుకుంటన్నాం, చూశావా?” అన్నాడు.

చూశాను. ఇంకో సంగతి కూడా తట్టింది. దావీదుతో ఒక్కదాన్నే ఉన్న ఏ రోజూ నా ఛాతీ బిగుసుకోలేదు. సమ్మక్క వెళ్లాక మాత్రం తన మంచం పక్కనుంచి నడిచిన ప్రతిసారీ బిగుసుకుంటోంది. ఫాతిమా గారు చెప్పినట్టు వెనక్కి వెళ్లి చూసుకున్నాను. పీతల రోజు వాళ్లిద్దరూ నవ్వుతుంటే వచ్చింది. ఆదివారం సమ్మక్క తన రొట్టెలో సగం అతనికి పెడితే వచ్చింది. అది రోజూ నాకు పెట్టే సగం.

“దావీదూ, నాకు నువ్వంటే ప్రేమ కాదనుకుంటాను,” అన్నాను.

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. అంతలోనే తప్పు చేసినట్టు నా మొహం చూశాడు. నాకు నవ్వొచ్చింది.

“నీకు సమ్మక్కంటే కదా?”

తలూపాడు. “ఆ సోమవారం సాయంత్రం దీపాల కాడ తనకి చెబుదామనుకున్నా. పొద్దున్నే నువ్వు బోటెక్కావు.”

“తనకి?”

“ఏమో. నాకెప్పుడూ చెప్పలేదు.”

నాకు తెలుసు. ఉతికిన గుడ్డలు మళ్లీ ఎందుకు ఉతికిందో ఇప్పుడు తెలుసు. చీటీలు వెయ్యకముందే పేరెందుకు ఇచ్చిందో తెలుసు. చెవులదాకా వేడెక్కింది. దీని పేరు వెతుక్కోనక్కరలేదు, ఇది సిగ్గు. తను నాకోసం పక్కకు తప్పుకుంటే నేను గది ఖాళీ హాయి అన్నాను.


కార్తీకం, గురువారం. గాలి మళ్లీ లేచింది.

దక్షిణాన వాయుగుండం. రేపటికి పెద్ద అలలు రావచ్చట.

పొద్దున సమ్మక్కతో మాట్లాడాలని, నూకరాజు గారి చేతిలోంచి మైకు లాక్కోవాలని నిశ్చయించుకుని వెళ్లాను. నేను అడగకముందే ఆయన మామూలుగా, “ఈవేళ ఏటి వండేవు?” అన్నారు.

“తిన్న సార్. అంత మంచిగనే ఉంది,” అంది సమ్మక్క.

ఆయన తరువాతి తెప్పకు వెళ్లబోయారు. నేను ఆయన చేయి పట్టుకున్నాను.

“సర్, సమ్మక్కకి ఒంట్లో బాగులేదు.”

“ఇప్పుడే బాగున్నానంది కదమ్మా.”

“ఏటి వండేవంటే తిన్నానంది. ఏటి తిన్నాదో చెప్పలేదు. నిన్నా చెప్పలేదు.”

“దానికే బోటు పంపీమంటావేటి తల్లీ? అవతల వాయుగుండం.”

“పోగులుంటే ఆస్పత్రికి ఈపాటికి కబురొచ్చీది. అవి లేవు కాబట్టి మనమే వినాల కదా సర్. ఇంకోపాలి అడగండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. “సమ్మక్కా, ఈవేళ ఏటి వండేవో చెప్పు.”

అవతల నుంచి గాలి చప్పుడు వచ్చింది. తరువాత చిన్న గొంతుతో, “బియ్యం ఉన్నయి సార్,” అంది.

నూకరాజు గారు మైకు పెట్టేసి, గోడకున్న తన రెయిన్‌కోటు తీసి నాకు ఇచ్చారు. “దావీదుని పిలు. అలల మీద సూపు నిలపమను. నువ్వూ ఎళ్లు,” అన్నారు.

దారంతా అలలు బోటును ఎత్తి ఎత్తి వేశాయి. దావీదు చుక్కాని వదల్లేదు. మేం వెళ్లేసరికి సమ్మక్క తెప్ప మీది గుడిసె లాంటి గూడులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. తుప్పు పట్టిన కొక్కెం గీసుకుని, కుడిచేయి మోచేతి దాకా వాచిపోయింది. కుండ ఎత్తలేక మొన్నటి నుంచి అటుకులు నానబెట్టుకుని తిందట. ఆ అటుకులు కూడా నిన్నటితో అయిపోయాయి.

దావీదు గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ తరువాత మోకులు బిగించాలని వెళ్లిపోయాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎందుకు చెప్పలేదే?” అన్నాను, గుడ్డ తడిపి తన నుదుటిమీద వేస్తూ.

“చెప్తే బోటేసుకొని ఆయనే వస్తడు గద. ఆయనను చూడొద్దనే ఇక్కడికొచ్చిన,” అని, వింటున్నది నేనని గుర్తొచ్చి మొహం తిప్పుకుంది.

“ఇటు తిరుగు. నాది ప్రేమ కాదు.”

“ఏంది?”

“తప్పు పేరు పెట్టీసాం. మీరిద్దరూ నవ్వుకుంటే నాకు నొప్పి. నీ రొట్టె ఆడికి పెడితే నొప్పి. నువ్వు ఎళ్లిపోయేక, నీ మంచం చూస్తే నొప్పి. అది అసూయే. ఆడు నిన్ను పట్టుకుపోతాడని భయం. నాకు ఇక్కడ నువ్వు తప్ప ఎవరున్నారే?”

సమ్మక్క జ్వరం కళ్లతో నన్ను చూసింది. “గా పేరు పెట్టింది నేనే,” అంది. “అది పెట్టినంక రెండు దినాలు నాకు అన్నం సయించలే.”

“తెలుసు. గది ఖాళీ అయితే హాయన్నాను. అది అబద్ధం.”

“అది నాకెర్క. అప్పుడే నీ మొహం చూసి మనసుల అనుకున్న, దీనికి ఏడుపొస్తుందని.” నవ్వబోయి, చేయి కదిలి, అబ్బా అంది. “పిచ్చి మొహమా! నీ కోసం గింత దూరం వచ్చి చలిల చచ్చిన నేను.”

ఇద్దరికీ ఏడుపు వచ్చింది. బయటి నుంచి దావీదు కేక: “గాలి పెరుగుతోందర్రా! మీ మాటలు బోటులో మాట్లాడుకోండి!”

బోటులో సమ్మక్క నా ఒళ్లో తల పెట్టుకుంది. దావీదు చుక్కాని దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కొంత దూరం వచ్చాక, “ఆయనను ఒక్కసారి ఇటు చూడమను,” అంది నాతో.

“నేనెందుకు? నువ్వే చెప్పు.”

“చెయ్యి నొస్తుంది.”

“చెయ్యి నొస్తే నోటికేటయిందే?”

అప్పుడు పిలిచింది. అంత గాలిలోనూ అతనికి వినపడింది. తిరిగి చూశాడు. ఇద్దరూ చూసుకున్నారు, అంతే. నా ఛాతీలో మోకు మళ్లీ బిగిసింది. ఈసారి గట్టిగా.

“నాకు మళ్లీ వస్తంది,” అన్నాను సమ్మక్కతో.

తను బాగున్న చేత్తో నా చేయి పట్టుకుంది. జెట్టీ చేరేదాకా వదల్లేదు. బిగువు మాత్రం పోలేదు. పోకపోయినా నేను బాగానే కూర్చున్నాను.


మార్గశిరం, ఆదివారం. చలి, ఎండ.

చాలా రోజులు రాయలేదు. పని ఎక్కువైంది. వాయుగుండం మమ్మల్ని వదిలి ఉత్తరానికి వెళ్లింది. సమ్మక్క చేయి ఫాతిమా గారు కోసి శుభ్రం చేసి కట్టు కట్టారు. ఇంకొక్క రోజు ఆలస్యమయితే చేతి మాట చెప్పలేనన్నారు. ఆ మాట నేను సమ్మక్కకు చెప్పలేదు, దావీదుకీ చెప్పలేదు. చివరి తెప్పకు ఇప్పుడు ఇద్దరేసి వెళ్తున్నారు. నూకరాజు గారు ఆ మార్పు చేయించారు.

నిన్న రిపేరు ఓడ వచ్చి కేబులు అతికింది. ఈ పొద్దున పోగులు పలికాయి. నా పోగు, “ఈ మధ్య నీ గురించి నాకేమీ తెలియదు. నిన్ను మళ్లీ తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది. ఓపిక పట్టు,” అంది. నాకు దాని మీద ప్రేమే కలిగింది. నాక్కూడా అంతే పట్టింది మరి. కొందరు తీసేశారు, కొందరు పెట్టుకున్నారు. సమ్మక్క పెట్టుకుంది. వేళకు తినమని గుర్తు చేస్తుందట. నేను ఈ పూటకు పెట్టుకున్నాను.

ఫోను గది ముందు పెద్ద వరస. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అమ్మమ్మతో నేను మాట్లాడాక సమ్మక్క వాళ్లమ్మకు చేసింది. దావీదు సంగతి చెప్పాలని వారం నుంచీ మాటలు పోగుచేసుకుంటోంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. దావీదు జెట్టీ మీద, ఇటు చూడకుండా, ఒక మోకు ముడి విప్పుతున్నాడు, వేస్తున్నాడు.

సమ్మక్క గడగడా చెప్పింది. అవతలి మాట వింటూ తలూపింది. ఆ తరువాత తను ఫోను నా చేతికి ఇచ్చింది. “నీతోని మాట్లాడుతదట,” అంది. తన మొహం తెల్లగా ఉంది.

చెవి దగ్గర ఫోను పెట్టుకుంటే పోగు కీచుమంటోంది. తీసి జేబులో వేసుకున్నాను.

“బిడ్డా, నువ్వేనా పైడివి? మా పిల్లకు నువ్వంటే పాణం. అందుకే నిన్నే అడుగుతున్న. గా పిల్లగాడు ఎట్లాంటోడు? నాకు అబద్ధం చెప్పకు.”

“చెప్పనమ్మా,” అన్నాను. ఏం చెప్పాలో వెతుక్కున్నాను. “కోపమొస్తే మాటాడడు. మోకులు విప్పుతూ కూర్చుంటాడు. మనమే ఎళ్లి పలకరించాల. అదొక్కటి కష్టం.”

“ఊఁ.”

“అబద్ధం ఆడడు. ఓపాలి నేను ఒక మాటడిగేను. అవునని అనీస్తే ఆ రోజుకి నాకు సంతోషం. అయినా అనలేదు. అలాగని నన్ను చిన్నబుచ్చలేదు.”

“ఊఁ.”

సమ్మక్క నా మొహం చూస్తోంది. నేను గోడ వైపు తిరిగాను.

“దాన్ని నవ్విస్తాడమ్మా. నేను చాలా నవ్విస్తాననుకునేదాన్ని. ఆడు నాకంటే బాగా నవ్విస్తాడు. పిల్లనిచ్చీండి.”

అవతల పొయ్యి దగ్గరో ఎక్కడో ఒక కోడి అరిచింది.

“ఆఖరి మాట చెప్పుడు నీకు కష్టమైంది గద బిడ్డా?”

“అవునమ్మా.”

“మంచిగ చెప్పినవ్. సరే, వాళ్లిద్దరి సంగతి నేను చూసుకుంట. ఇగ నీ సంగతి చెప్పు. నువ్వెట్లున్నవ్?”

సమ్మక్క ఫోను కోసం చేయి చాపింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. నేను అక్కడున్న స్టూలు కాలితో దగ్గరకు లాక్కుని కూర్చున్నాను.

“చాలా ఉందమ్మా చెప్పడానికి. మీకు పనేటైనా ఉందేమో?”

“పొయ్యి మీద ఏం లేదు. చెప్పు,” అంది.